తెల్లపొర దాకా

ఎర్రచీమా,

ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోనులో అయితే నేను అరుస్తాను, నువ్వు మధ్యలో పెట్టేస్తావు. కాగితం మీదైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

ఇల్లు వదిలి ఈ హాస్టలుకు వచ్చి మూడు వారాలైంది. ఒక మంచం, ఒక కిటికీ, గోడ అవతల పొద్దస్తమానం దగ్గే నర్సమ్మ. పగలు బిస్కెట్ల కార్ఖానాలో పెట్టెలకు కాగితం అంటిస్తున్నాను. నాలుగేళ్లు బేకరీలో పిండి కలిపిన చేతులివి. ఈ పనికి ముక్కుతోనూ నాలుకతోనూ పనిలేదు.

ఆ సంగతే చెప్పాలి. అమ్మకు కూడా చెప్పలేదు. మొన్న వానాకాలం జ్వరం తగ్గాక నాకు వాసన పోయింది, రుచీ పోయింది. వారంలో వస్తుందనుకున్నాను. నెలలు గడిచాయి. బేకరీలో ఎవరికీ తెలియనివ్వకుండా, చేతుల అలవాటుతో నెట్టుకొచ్చాను. అప్పుడే ఆ పెద్ద హోటల్లో ఖాళీ పడింది. ఎవరికి ఏది బాగా వస్తే అది చేసి తెమ్మన్నారు. నేను నారింజ స్కోన్లు, ఆ చిన్న తియ్యరొట్టెలు, ఎంచుకున్నాను. ఆరు ఆదివారాలు మన వంటింట్లో నిన్ను పక్కన పెట్టుకుని చేసింది అందుకే. నువ్వు చల్లటి వెన్న మైదాలో వేళ్లతో నలిపేదానివి, నేను నారింజ తొక్క తురిమి పంచదారలో కలిపేదాన్ని. ఓవెన్లోంచి తీయగానే ఒకటి విరిచి నీ నోట్లో పెట్టి "బాగున్నాయా?" అని అడిగేదాన్ని. బాగున్నాయక్కా అనేదానివి. నీ నాలుకను నమ్ముకుని వెళ్లాను.

హోటల్లో పెద్ద చెఫ్ ఒకటి కొరికి, రెండుసార్లు నమిలి, రుమాల్లోకి ఉమ్మేశాడు. రుచి చూసే తెచ్చారా అన్నాడు. చూశానన్నాను. ఇంకొకటి నా చేతిలో పెట్టి తినమన్నాడు. నవ్వుతూ తిన్నాను. ఎలా ఉందో తెలిస్తే కదా మొహం మార్చడానికి!

"చేదు విషంలా ఉన్నాయమ్మా. నారింజ తొక్క కింద తెల్లపొరంతా ఇందులోనే ఉంది. మీకు తెలియడం లేదా?" అన్నాడు, నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. పరీక్షకు వచ్చిన మిగతా ఏడుగురూ చూస్తుండగా ట్రే పట్టుకుని బయటికొచ్చాను. మర్నాటికి మా బేకరీకీ తెలిసిపోయి, ఉన్న పనీ పోయింది.

ఒక్కటి అడుగుతాను. ఒక్కసారైనా చేదని ఎందుకు చెప్పలేదు? దాని చేతిలో అమృతముందని అమ్మ నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నీ మూతి ముడుచుకునేది. ఆ కడుపుమంట ఇలా తీర్చుకున్నావా? తోడబుట్టినదానివి, నమ్మించి గొంతు కోశావు.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అమ్మకు చూపించలేదు.

నీకు వాసన తెలియడం లేదని నాకు రెండో ఆదివారమే తెలుసు. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే నిలబడి కూనిరాగం తీస్తున్నావు. నువ్వే చెప్తావని చూశాను. ఆ రోజే స్కోను కొరికి చేదుగా ఉందక్కా అన్నాను. గుర్తుందా? "నా చేతి పని చూసి ఏడ్చేదానికి అన్నీ చేదే" అని ట్రే మొత్తం చెత్తబుట్టలో బోర్లించావు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. బాత్రూములో కుళాయి విప్పుకుని ఏడ్చావు, అయినా నాకు వినిపించింది. ఆ తర్వాత నేనెప్పుడూ చేదనలేదు. నువ్వు మాత్రం ప్రతిసారీ బాగున్నాయా అనే అడిగావు. ఎలా ఉన్నాయి అని ఒక్కసారి అడిగావా?

తప్పంతా నీ మీదికి తోసెయ్యను. పరీక్ష రోజు పొద్దున, తెల్లపొర దాకా తురుముతున్నావని చెప్దామనే వంటింటి గుమ్మం దాకా వచ్చాను. "అడ్డు తప్పుకో, నీకు తెలిసింది తినడమొక్కటే" అన్నావు. నోరు మూసుకున్నాను. అంతకుముందు మూసుకున్నది భయంతో, ఆ రోజు మాత్రం కసితో. వెళ్లనీ, అనుభవించనీ అనుకున్నాను. ట్రే పట్టుకుని నువ్వు మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాను. పిలవలేదు. అందుకు నువ్వేం తిట్టినా పడతాను.

నిన్న ఒక్కదాన్నే స్కోన్లు చేశాను. అమ్మ తిని, దీని చేతిలోనూ అమృతముందే అంది. ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నాను. విన్నాక నా చేతిలో ముక్క పళ్లెంలో పెట్టేశాను. నీకు ఆరు పంపుతున్నాను.

కుట్టాల్సినప్పుడు కుట్టని నీ చీమ

*

చీమా,

పొట్లం అందింది.

గుర్తుందా అని అడిగావు. గుర్తుంది. మొదటి ఉత్తరం రాసేటప్పుడూ గుర్తుంది, అయినా నువ్వు చెప్పలేదనే రాశాను. తురుముతుంటే వాసన రాదు కదా, ఇంకాస్త తురిమితే వస్తుందేమోనని ఇంకా ఇంకా తురిమేదాన్ని. పళ్లెంలో తురుము నారింజ రంగు పోయి తెల్లబడడం చూస్తూనే ఉన్నాను. కళ్లు పోలేదు కదా నాకు. నువ్వు బాగున్నాయంటే చాలనుకున్నాను. నాలుక పాడైందని ఒప్పుకోవడం కంటే నిన్ను కుళ్లుబోతుదాన్ని చెయ్యడమే నాకు తేలికైంది.

నిన్ను క్షమించానని రాయలేను. పిలవలేదన్నావే, ఆ మాట ఇంకా గుచ్చుతోంది. నన్ను క్షమించమనీ అడగను.

మూడు తిన్నాను. నోటికి పొడిగా అంటుకున్నాయి, అంతకు మించి ఏమీ తెలియలేదు. నర్సమ్మకు ఒకటిచ్చాను. బాగుందమ్మా అని నవ్వింది. నమ్మబుద్ధి కాలేదు. ఇక ఎవరు బాగుందన్నా నమ్మలేననుకుంటాను.

ఇంకా రెండు మిగిలాయి. ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. నువ్వే చెప్పాలి.

ఎలా ఉన్నాయి?

అక్క