కొక్కేనికి ఉన్న బిళ్ళ

నాగపూర్

పోశన్న మామకు విద్య నమస్కారాలు.

నీ ఫోను ఎప్పుడు చూసినా స్విచాఫ్. అందుకే ఉత్తరం. మా ఆఫీసులో బొగ్గుబాయిల కోసం ఒక పెట్టె చేస్తున్నాం. విషవాయువు వస్తే అరుస్తుంది. దాని లోపల కెర్నెల్ అనే ప్రోగ్రాం ఉంటుంది, మీ బాయిలో పనివాళ్ళ మీద సర్దార్ ఉన్నట్టు. వాయువు పసిగట్టేది, సైరన్ మోగించేది, ఇట్లా చిన్న ప్రోగ్రాంలు దాని కింద పనిచేస్తాయి. ఏది పనిలో ఉందో, ఏది పడిపోయిందో సర్దార్ బయటికి ఎట్లా చెప్పాలి? అందరికీ కనబడేలా బోర్డు పెట్టాలా, అడిగినప్పుడే చెప్పాలా? నెలాఖరులోగా నేనే తేల్చాలి. తప్పు తేలిస్తే ప్రాణాలు పోతాయి మామా, భయంగా ఉంది. బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో పనిచేసినవాడివి, నువ్వే చెప్పు.

నీ మేనకోడలు
విద్య

తా.క. అత్తమ్మ ఎట్లా ఉంది?

లాల్‌పేట్

బిడ్డ విద్యకు మామ దీవెనలు.

గింత దానికి భయమెందుకే? బోర్డే పెట్టు. మా దీపాల గదిల మనిషికో ఇత్తడి బిళ్ళ. బోర్డు మీది కొక్కేనికి బిళ్ళ ఉంటే మనిషి పైన, లేకుంటే బాయిల. నా నౌకరంత ఎవ్వన్నీ నోరు తెరిచి అడగలే.

అయినా నీ కోసం ఇంట్ల పరీక్ష పెట్టిన. ముందుగాల అడుగుడు పద్ధతి. గడియ గడియకు “రాజమ్మా, మంచిగున్నవా?” అన్న. పగటీలికి మంచిగ లేకుండ అయింది. అందుకే గోడకు కొక్కెం కొట్టి మీ అత్తమ్మకు బిళ్ళ ఇచ్చిన. ఉంటే ఇంట్ల ఉన్నట్టు, బయటికి పోతే తీస్కపోవాలె.

మీ మామ
పోశన్న

తా.క. బిళ్ళ మీద నంబరు కొట్టించిన. “ఉన్నదే ఒక్కదాన్ని, నాకు నంబరేంది?” అని లొల్లి చేసింది. కాయిదా అంటే కాయిదానే.

నాగపూర్

మామా, నమస్కారం.

నేనడిగింది పెట్టె గురించి, అత్తమ్మ మీద పరీక్షలు పెట్టమని కాదు! ఒక్క సందేహం. ఎవరి బిళ్ళ వాళ్ళే పెట్టుకుంటే, పడిపోయినవాడి బిళ్ళ ఎవరు మారుస్తారు?

విద్య

తా.క. అత్తమ్మ ఎట్లా ఉంది? బోర్డు చూసి కాదు, మనిషిని చూసి రాయి.

లాల్‌పేట్

బిడ్డా,

చూసుడెందుకు? బిళ్ళ కొక్కేనికే ఉన్నది. వారం సంది ఒక్క మాట అనలే, ఇల్లంత శాంతి! వంట మాత్రం చేస్తలేదు. అలిగి లోపలి అర్రల పండుకున్నట్టుంది. తలుపు కొడుదమంటే అది గుడ అడుగుడే అయితది గద, ఆ పద్ధతి బంద్ చేసినం. హోటల్ల అటుకుల పోహా తింటున్న. పక్కింటి లక్ష్మీబాయి “రాజమ్మ వహిని కనబడ్తలేదేంది?” అన్నది. “కండ్లు లేవా? బిళ్ళ దిక్కు చూడు” అని కసిరిన. నువ్వు ధైర్యంగ బోర్డే పెట్టు.

పోశన్న

తా.క. మీ అత్తమ్మ చీరల పెట్టె కనబడ్తలేదు. దానికి గుడ ఓ బిళ్ళ చేయించాలె.

నాగపూర్

మామా,

బోర్డే పెట్టాను. కానీ ఎవరి బిళ్ళ వాళ్ళ చేతికి ఇవ్వలేదు. సర్దారే మాటిమాటికీ పోయి, ఊపిరి ఉందో లేదో చూసి, తన చేత్తో బిళ్ళ పెడతాడు. చూసిన వేళ కూడా పక్కనే రాసి ఉంటుంది. మా సతీష్ సార్ ఎందుకిట్లా అని అడిగితే నీ ఉత్తరం చదివి వినిపించాను. వెంటనే సంతకం పెట్టాడు.

అత్తమ్మ పది రోజుల నుంచీ ఇక్కడ నా గదిలోనే ఉంది. ఆమెకూ చదివి వినిపించాను. బిళ్ళ నంబరు దగ్గర నవ్వింది. పోహా దగ్గర కళ్ళు తుడుచుకుంది. చీరల పెట్టె దగ్గర మళ్ళీ కోపం వచ్చింది.

విద్య

తా.క. అత్తమ్మ రాయమంటోంది: “నేను లేనని లక్ష్మీబాయికి ఎరుకైంది, నీకు కాలే. రేపటి రైలుకు రా. బిళ్ళ తేకు. నువ్వు ఉన్నవో లేవో నేను కండ్లతోని చూసుకుంట.”