నిర్మల ఆఫీసు తలుపు

అక్కకు ఫల్గుణ నమస్కారం. అనంతగిరిలో అందరం బాగున్నాం.

మా అమ్మాయి నిర్మల విశాఖలో సీనియర్ లాయరు దగ్గర పని మానుకుని మన ఇంటి ముందుగదిలో ప్రాక్టీసు పెట్టిందని, కేసులు రాకపోతే ఎలాగని దిగులుపడ్డావు. మొదట్లో నిజంగానే ఎవరూ నిలవలేదు. సంతరోజు జనం గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయేవారు. విశాఖ పద్ధతిలో అది ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తలుపు వేసేది. చివరికి పక్క ఊరి బుధు మావ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తలుపేసుకుని సెప్తే తప్పు నాదే అనుకుంటారే గుంటా. మన తగువులెప్పుడూ నలుగురిలో కూకునే కదా సెప్పుకుంతాం. నువ్వే బైటికి రా!"

అది నవ్వుకుంటూ ఫైలు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మావ తన పోడుభూమి పట్టా గొడవ అందరి ముందూ చెప్పాడు. ఆయన మరిచిపోయినవి పక్కవాళ్లు అందించారు. ఇప్పుడు సంతరోజున నాకు టీ కాయడంతోనే సరిపోతోంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చేటప్పుడు చింతపండు తీసుకురా. పిల్లలకు దీవెనలు. కూర్చోవడానికి చోటు చాలక, దాని ఆఫీసు గదికని నేను ముచ్చటపడి చేయించిన కొత్త తలుపునే ఊడదీసి బల్ల చేశాను. నువ్వొస్తే దానిమీదే కూర్చుందువుగాని.