మంచుగడ్డ మీద ముళ్లపంది

తైమి అక్కకు,

ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన పుస్తకాల బస్సులో పోయిన ఫ్లాస్కు మూత సీటు కింద దొరికినది. సన్మానాలు వద్దు.

ఇక అసలు సంగతి. లైబ్రేరియన్‌గా నీ ఆఖరి రోజున బస్సులో పిల్లలకు సగం చదివిన, నువ్వే రాస్తున్న ఆ కథ ఇక రాయనన్నావట. "చెయ్యి వణుకుతోంది, పిల్లలు నన్నెప్పుడో మర్చిపోయారు" అన్నావట.

సరస్సు స్టాపులో హిల్లా అనే పిల్ల ఉంది. వారం వారం బస్సెక్కి నన్నే నిలదీస్తుంది.

"మామా, మంచుగడ్డ మీద కొట్టుకుపోయిన ముళ్లపంది ఒడ్డుకొచ్చిందా?"

"నాకేం తెలుసు? నేను చదివింది స్టీరింగొక్కటే."

"మరి ఆవిడతో ఇన్నేళ్లు తిరిగి ఏం చేశావు?"

ఏం చేశానో నీకు తెలుసు. నువ్వు వెనక కథ చదువుతుంటే హీటరు ఆపేసేవాణ్ణి, దాని మోతలో నీ గొంతు ముందు సీటుదాకా రాదని. "నీ బస్సు తగలెయ్య, వేళ్లు కొయ్యబారాయి" అని తిడుతూనే చదివేదానివి.

చెయ్యి వణికితే నువ్వు చెప్పు, నేను రాస్తాను. తప్పులుంటే నావి. ఆ ముళ్లపందిని మాత్రం ఒడ్డుకు చేర్చు.

ఇంకొక్క మాట. ఆ స్టాపులో హిల్లా అనే పిల్ల ఎవరూ లేరు. వారం వారం అడుగుతున్నది నేనే.

నీ బస్సు డ్రైవరు