అక్క నోరు మూయించే పదవి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వదించి రాసేది.

మంత్రివయ్యావు, సంతోషం. నేను జుట్టు నెరిసేదాకా నర్సుగా పనిచేసిన కాన్పుల ఆసుపత్రిలో మీ పార్టీ ఆఫీసు పెట్టారు. ఖాళీ చెయ్యమని కోర్టు చెప్పినా కదలరు. పక్కింటి పిల్లకి నెలలు నిండుతున్నాయి. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారి వెళ్ళాలి. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేశావు కదా, ఆసుపత్రి మాకివ్వు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన అక్క

తా.క.: ప్రమాణం చేసేటప్పుడు నీ గొంతు వణికింది. భయభక్తులనుకున్నాను. జలుబట.

పూజ్యురాలైన అక్కకి నమస్కారాలు.

నోరు తెరిచి అడగడానికి నీకు మొహమాటం, నాకు తెలీదా? మీ అల్లుడిని మీ ఊరికే బదిలీ చేయించాను. కోర్టంటావా, అది చెబుతూనే ఉంటుంది. దాని పని దానిది, మా పని మాది.

ఇట్లు,
నీ తమ్ముడు, మంత్రి

తా.క.: పక్కింటివాళ్ళతో ఈ కోర్టు గొడవ అనకు. వాళ్ళూ బదిలీలు అడుగుతారు.

తమ్ముడూ,

అల్లుడు పెట్టే బేడా సర్దుకుని దిగాడు. అత్తగారి కళ్ళముందు ఉద్యోగం ఎవరడిగారని అమ్మాయి నాతో మాటలు మానేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. నాకేమీ వద్దు, కోర్టు మాట విను చాలు. పక్కింటి పిల్లని తలుచుకుంటే భయంగా ఉంది.

ఇట్లు,
ఒళ్ళు మండుతున్న అక్క

తా.క.: ఎదురింటాయన కూడా ఇదే అంటున్నాడు. ఆయనకి అల్లుళ్ళు లేరు.

అక్కా,

అల్లుడితో సరిపెట్టాలనుకోవడం నాదే పొరపాటు. నిన్ను ప్రభుత్వ భవనాల పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షురాలిని చేశాను. చట్టం ప్రకారం అలాంటిదొకటి ఉండి తీరాలట. ఏళ్ళ తరబడి మేం వెయ్యలేదు, అడిగిన పాపాన పోయినవాడు లేడు. గదీ, కారూ, బంట్రోతూ ఉంటారు. పనుండదు. ఇక ఆసుపత్రి ఊసెత్తకు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నిబంధనల పుస్తకం పంపుతున్నాను. కుర్చీ ఎత్తు చాలకపోతే వేసుకుని కూర్చో.

గౌరవనీయులైన మంత్రిగారికి పర్యవేక్షణ సంఘం అధ్యక్షురాలు రాయునది.

పుస్తకం చదివాను. ప్రభుత్వ భవనంలో అక్రమంగా తిష్ఠవేసినవాళ్ళని పోలీసులతో ఖాళీ చేయించే అధికారం నాదేనట. ఇన్‌స్పెక్టరు నా నియామక పత్రం మీద నీ సంతకం చూడగానే సెల్యూట్ కొట్టి బయల్దేరాడు. మీవాళ్ళు జెండాలు చంకనబెట్టుకుని పరుగు. వీధంతా వచ్చి ఫినాయిలుతో గదులు కడిగాం, అల్లుడు మంచాలు మోశాడు. తెల్లారేసరికి ఆసుపత్రి పాత డాక్టరమ్మా, నేనూ కలిసి పక్కింటి పిల్లకి పురుడు పోశాం. ఆడపిల్ల. ఆ ఏడుపు వింటే నాకూ ఆనందంతో ఏడుపొచ్చింది.

ఇట్లు,
నువ్వే నియమించిన అధ్యక్షురాలు

తా.క.: నన్ను తీసెయ్యాలని నీకిప్పుడు తెగ ఆత్రంగా ఉంటుంది. అది నీ చేతిలో లేదట, కోర్టుకే వెళ్ళాలట. వెళ్ళు నాయనా. ఈసారి అది ఏం చెబుతుందో చెవులు రిక్కించి వింటావు.