వెనకగదికి బొంత

ఢిల్లీ కంటోన్మెంట్,
ఆగస్టు 1994

అత్తయ్యగారికి నమస్కారాలు.

నా బొమ్మల పిచ్చి మీకు నచ్చదని తెలుసు. అయినా అడగక తప్పడం లేదు. వెనకగదిలో బొమ్మలు వేసుకోమన్నారు మీ అబ్బాయి. కానీ ఇది సర్కారీ క్వార్టరు. బదిలీ అయ్యాక అప్పగించేటప్పుడు నేల మీద రంగు మరక కనిపిస్తే ఊరుకోరట. గోడలకేమో మైదాపిండి ఉడికించి పాత పేపర్లు అంటించాను. కూలరు చెమ్మకు అవన్నీ సున్నంతో సహా ఊడి వచ్చాయి. ఆయన చూసి, "ఠీక్ హై, ముందు గోడకి రంగెయ్యి, బొమ్మల సంగతి తర్వాత" అని నవ్వేశారు. ఇద్దరం కలిసే సున్నం వేశాం.

ఇకమీదట గోడల ముందు తాడు కట్టి పాత దుప్పట్లు వేలాడదీస్తాను. నేలకు మాత్రం మీ చేతి బొంతే కావాలి. దసరాకు వచ్చేటప్పుడు చిరిగిన చీరలతో ఒకటి కుట్టి తీసుకురండి. నెమలికంఠం రంగు చీర జోలికి మాత్రం వెళ్లకండి. అది కట్టుకుని రండి. ఆ గదిలో వేసే మొదటి బొమ్మ మీదే.

మీ కోడలు