ముక్కుపొడి మానిన తొమ్మిదో రోజు

పలమనేరు,
12-12-1984.

చిరంజీవి సంపత్కుమార్‌కు అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. నేనూ మీ నాన్నా క్షేమం. మద్రాసు ఆసుపత్రిలో నువ్వు తాగుడు మాని నెల దాటిందని చదివాక ఇంకా క్షేమం.

"మళ్లీ తప్పితే ఇంటికి రావచ్చా?" అని అడిగావు. మీ నాన్న పంచాంగం తీసి తిరగేశారు. నా జవాబు చివర్లో రాస్తాను.

ముక్కుపొడి మానేశానని కిందటి జాబులో గొప్పగా రాశాను కదా, ఎలా ఉందన్నావు. విచిత్రంగా ఉంది నాయనా! సుఖం కంటే సుఖం రాబోతోందన్న ఆశే మెదడును ఎక్కువ ఆడిస్తుందని మీ డాక్టరు చెప్పాడన్నావే, పరీక్షించి చూశాను. ఖాళీ డబ్బా మూత టక్కుమని తీశాను. లోపల పొడి లేదు. అయినా ముక్కు జిలపెట్టింది, రెండు వేళ్లూ వాటంతటవే కలిశాయి. నవ్వు ఆగలేదు. మీ నాన్న నన్ను ఎగాదిగా చూశారు.

ఏటా చలికి స్వెట్టర్లు అమ్మవచ్చే టిబెటన్ ఆవిడ లేదూ, బుద్ధుణ్ణి కొలుస్తుంది, మన మాట బాగా పట్టుకుంది. నీకు స్వెట్టరు బేరమాడుతూ ఆవిడతో నా అవస్థ చెప్పుకున్నాను.

"దాంతో కొట్లాడొద్దమ్మా. వచ్చినప్పుడు యాడ ఉండాదో సూడు. వచ్చింది పోకుండా ఉండదు," అంది.

చూశాను. మొదట ముక్కులో, తర్వాత దవడల్లో, ఆపైన గుండెలో గాబరాగా. తిరుప్పావైలో రెండు పాశురాలు చెప్పుకునేదాకా పెరిగింది, మూడోది పూర్తయ్యేసరికి తగ్గింది. ఇంతసేపేనా! ఇరవై ఏళ్లు దాని ముఖమైనా చూడకుండా పెట్టుపోతలు చేశాను. నీకు ఎంతసేపుంటుంది? ఎక్కడ మొదలవుతుంది? తప్పక రాయి.

ఇక నీ ప్రశ్న. మానేశానని నీకు జాబు పోస్టు చేసిన మూడోనాడు ఏకాదశి. పొద్దుటినుంచి మెతుకు ముట్టలేదు, ఆకలీ అనిపించలేదు. సాయంత్రం పక్కింటి సిద్ధమ్మను సిగ్గు విడిచి చిటికెడు పొడి అడిగి పీల్చాను. అన్నం మానగలిగినదాన్ని అది మానలేకపోయాను. ఇంటికొచ్చి ఏడ్చాను. నీ సీసాను అన్నన్ని మాటలన్న నోటితో నీకిది ఎలా చెప్పను? దాచేద్దామనే అనుకున్నాను. మర్నాడు మళ్లీ ఒకటో రోజని మొదలుపెట్టాను.

మీ నాన్నకు అంతా చెప్పాను. నన్ను పొమ్మనలేదు. ఎప్పటిలాగే నా చేతి కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టి, "వాణ్ణి రమ్మని రాయి," అన్నారు.

తప్పినా రా. తప్పిన రోజే రా. నీలం స్వెట్టరు తీసి ఉంచాను.

ఇట్లు,
తొమ్మిదో రోజున ఉన్న మీ అమ్మ,
పెరుందేవి