నోటు ముట్టని అల్లుడు

లా పాస్, మంగళవారం

చిలీ దేశపు అరికా రేవులో ఎండుచేపల పరిమళాల నడుమ వర్ధిల్లుతున్న శ్రీమతి ఎర్మీనియా అత్తకు, మేనల్లుడు లౌతారో మిక్కిలి వినయంగా రాయునది.

బొలీవియా చేరాను. జేబులో కాగితం ముక్క లేదు, చిల్లర మోత లేదు. కొండెక్కే తీగబండి దగ్గర ఫోను ఆనించాను, తలుపు తెరుచుకుంది. హోటల్లో ఆనించాను, తాళంచెవి ఇచ్చారు. ఈ ఫోనే నా బొక్కసం గనుక, మాటలతో చార్జింగ్ తగలెయ్యకుండా కట్టేసి ఉంచుతున్నాను. నీకు ఉత్తరాలే, మన బస్సు డ్రైవర్ ఫెర్మీన్ చేత.

శనివారం నేను మనసిచ్చిన వైరా వాళ్ల అన్నయ్య పెళ్లి. అక్కడే వాళ్ల సతుర్నీనా అవ్వను పిల్లనిమ్మని అడుగుతాను. ఆ ఇంట్లో ఆవిడ ఊ అంటేనే పొయ్యి వెలుగుతుందట. అన్నట్టు, ఈ ఎత్తుకి నాలుగు మెట్లెక్కితే ప్రాణం పోతోంది.

ఇట్లు,
నవయుగ యాత్రికుడు

తా.క.: పోయిన మామయ్య కోటు నాకెందుకు తగిలించావు? దాని కర్పూరం ఉండల వాసనకి పక్కసీటు ఆవిడ నన్ను బీరువా అనుకుంది.

---

అరికా, గురువారం

ఒరేయ్ లౌతారో,

బతికుంటే ఈ ఉత్తరం విప్పు. పోయి ఉంటే వెంటనే తెలియజెయ్యి.

మన ఉమ్మడి ఖాతాలోంచి నువ్వు ఎక్కడ ఏం కొన్నా నా ఫోనుకి కబురొస్తుంది కదా. నిన్న మధ్యాహ్నం వచ్చింది: 'నిత్యశాంతి శవపేటికలు, లా పాస్.' చేతిలో గరిటె జారిపోయింది. కాసేపటికి మళ్లీ అదే కొట్టు. రెండో పెట్టె ఎవరికిరా? నీకు ఫోన్ చేస్తే పలకదు. పోయినవాడి ఫోను ఎవడో దొంగ వాడుతున్నాడని తేల్చుకుని, బ్యాంకుకి పరిగెత్తి ఖాతా మూయించేశాను. ఫాదర్‌తో ప్రార్థన కూడా మాట్లాడాను.

ఏడుస్తూ,
అత్త

తా.క.: పోయినా సరే, కోటు మాత్రం విప్పకు. అక్కడ చలెక్కువ.

---

లా పాస్, ఆదివారం

నన్ను జీవించి ఉండగానే సాగనంపిన అత్తకు,

అది శవపేటిక కాదే తల్లీ, వేరుశనగ సూపు! సూపమ్మే ఆవిడకి ఫోను ఆనించే మెషిన్ లేదు. ఆ సందులో అందరూ పక్కనున్న పెట్టెల కొట్టాయన మెషినే అడిగి తెచ్చుకుంటారు. రుచిగా ఉందని రెండో గిన్నె తాగాను. అదీ నా నేరం.

నీ ఉత్తరాన్ని ఫెర్మీన్ సీటు కింద మరిచిపోయి ఇవాళ ఇచ్చాడు. నిన్న పెళ్లిలో ఏమైందో విను. ఇక్కడ ఒక్కొక్కరే వచ్చి వధూవరుల బట్టలకు గుండుసూదితో నోట్లు గుచ్చుతారు. బీరు అమ్మేవాడి మెషిన్‌కి ఫోను ఆనించి నోట్లిమ్మని బతిమాలాను. మెషిన్ ఛీ పొమ్మంది. నా వంతు వచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక, ఫోను తీసుకెళ్లి పెళ్లికొడుకు గుండెకి ఆనించాను.

బ్యాండు ఆగిపోయింది.

"ఏంట్రా, మావాడి గుండె కొట్టుకుంటోందో లేదో చూస్తున్నావా?" అంది అవ్వ. "అప్పటి యుద్ధంలో మా సముద్రతీరం మొత్తం మింగారు, ఒక్క నోటు కక్కడానికి నొప్పా చిలీవాడా?"

సిగ్గుతో కోటు విప్పి పెళ్లికొడుకుకి కప్పాను. అవ్వ ముక్కు మూసుకుంది. వైరా నావైపు చూడటం మానేసింది. ఇక పిల్లా లేదు, పెళ్లీ లేదు అనుకున్నాను. మళ్లీ బ్యాండు మొదలైంది. పెళ్లికొడుకు రెండు గంతులేశాడో లేదో, కోటు అస్తరు పర్రున చిరిగి నోట్లు! ఒకటి కాదు, వాన!

అవ్వ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. "చూడండ్రా, ఇచ్చింది తెలియకుండా ఇచ్చాడు! నోటు గుచ్చి ఫోటో దిగే మీరూ ఒక మనుషులేనా? పిల్ల వీడిదే!" కార్నివాల్ పండుగ వెళ్లగానే మా పెళ్లి.

నీ దాతృత్వానికి సాగిలపడుతూ,
లౌతారో

తా.క.: ఒక నోటు గుర్తుగా ఇందులో పెట్టాను. మిగతావి మార్చుకోవడానికి అవ్వ బుధవారం బజారుకి వెళ్తుందట.

---

అరికా, సోమవారం

లౌతారో, కూర్చుని చదువు.

అందులో నేను ఒక్క నోటూ పెట్టలేదు. కోటిచ్చింది నిజంగా చలికే. అవి మీ మామయ్య నాకు తెలియకుండా దాచుకున్నవి. కోటు ఉతకనివ్వనంటే పాపం ఉన్ని పాడవుతుందని కాబోలు అనుకున్నాను, పిచ్చిదాన్ని.

అవి ఇప్పటి పెసోలు కావురా. పాతకాలపు ఎస్కుదోలు. ప్రభుత్వం వాటిని రద్దు చేసేనాటికి మీ నాన్నకి మీసం కూడా రాలేదు!

అవ్వను గడప దాటనివ్వకు. చిలీ నోట్లు మా అత్తే మార్చి ఇస్తుందని చెప్పు. నా పరుపు కింద ఉన్న మంచి నోట్లన్నీ మూటకట్టుకుని ఇవాళే బయల్దేరుతున్నాను. ఆ చచ్చినాయన పరువుతో పాటు నీ పెళ్లి కూడా నిలబెట్టాలి కదా.

ఇట్లు,
మోసపోయిన భార్య, అత్త

తా.క.: బస్టాండులోనే ఉన్నాను. ఫెర్మీన్ మెషిన్ కొన్నాడట, నోట్లు ముట్టడట. ఫోను ఆనించమన్నాడు. ఆనించాను. ఖాతా నేనే మూయించాను కదా. ఈ ఉత్తరం మాత్రం ఊరికే తెస్తానన్నాడు. నేను వచ్చేదాకా అవ్వ చేత డాన్సు చేయిస్తూ ఉండు.